వాల్వు యాంప్లిఫయర్: హైదరాబాదు హాముల చేతిపని

హామ్ (అమెచ్యూర్) రేడియో ట్రాన్స్‌మిటర్లో ఏరియల్‌కు ముందుండే ఆఖరి అంచె పవర్ యాంప్లిఫయర్. వెనక అంచెల్లో తయారైన కొద్దిపాటి సిగ్నల్ దాని గ్రిడ్డుకు చేరి, ప్లేటు నుంచి ముప్పయి, నూరు, రెండు వందల వాట్లుగా బయటికొస్తుంది. స్వాతంత్ర్యం తర్వాత మూడు నాలుగు దశాబ్దాల పాటు హైదరాబాదు, సికిందరాబాదు హాములకు ఇది దుకాణంలో కొనుక్కునే వస్తువు కాదు, ఎవరికి వారు కట్టుకోవాల్సిందే. దాని రూపురేఖల్ని మూడు విషయాలు తేల్చాయి: సైనిక మిగులు సరుకులో ఏ వాల్వు దొరుకుతుంది, లైసెన్సు ఎన్ని వాట్లకు ఒప్పుకుంటుంది, ఇంటి ప్లగ్గులో ఎంత వోల్టేజీ వస్తుంది. నగరం పడమటికి పెరిగి హైటెక్ సిటీ వెలిశాక ఈ మూడింటి పట్టూ సడలింది, వాటి చోటికి కొత్త చిక్కులు వచ్చాయి.

తొలి ట్రాన్స్‌మిటర్లు

హైదరాబాదులో ట్రాన్స్‌మిటింగ్ వాల్వు కథ ప్రసార కేంద్రంతో మొదలవుతుంది. దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ చేతుల మీదుగా 200 వాట్ల శక్తితో మొదలైంది. సంస్థానం విలీనమయ్యాక, 1950 ఏప్రిల్ 1న దాన్ని కేంద్ర ప్రభుత్వం తీసుకుంది. ఒక రాజధాని నగరానికి తొలి ప్రసార కేంద్రం రెండు వందల వాట్లతో సరిపెట్టుకుందన్న సంగతి గుర్తుంచుకోదగింది. తర్వాతి కాలంలో పై గ్రేడు లైసెన్సున్న హామ్ ఇంట్లో కట్టుకున్న యాంప్లిఫయర్ కూడా ఇంచుమించు అంతే శక్తినిచ్చేది.

బ్రిటిష్ ఇండియాలో హామ్ రేడియో అంతకు ముందే ఉంది. 1921లో కలకత్తాకు చెందిన అమరేంద్ర చంద్ర గుప్తు 2జేకే అనే కాల్‌సైన్‌తో తొలి భారతీయ హామ్ అయ్యారు. 1929 నుంచి భారతీయ కాల్‌సైన్లన్నీ వీయూ అక్షరాలతో మొదలవుతున్నాయి. 1939లో రెండో ప్రపంచ యుద్ధం రాగానే ప్రభుత్వం కొత్త లైసెన్సులు ఆపేసి, ఉన్న ట్రాన్స్‌మిటర్లను పోలీసులకు అప్పగించమంది. లైసెన్సులు తిరిగి మొదలైంది 1946లో. 1948 మే 15న మౌలోని సైనిక సిగ్నల్స్ పాఠశాలలో అమెచ్యూర్ రేడియో క్లబ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1954లో అది ఢిల్లీ కేంద్రంగా అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా అయింది. సిగ్నల్స్ దళంతో ఈ బంధుత్వం కాగితాలకే పరిమితం కాలేదు. హాముల చేతికొచ్చిన సామాను కూడా చాలావరకు సైన్యం గిడ్డంగుల నుంచి వచ్చిందే.

19వ నంబరు సెట్టు, 807 వాల్వు

యుద్ధం ముగిసేసరికి దేశంలోని కంటోన్మెంట్లలో రేడియో సామాను గుట్టలుగా మిగిలింది. సికిందరాబాదు పెద్ద కంటోన్మెంటు. డిస్పోజల్ వేలాల్లో తూకానికో లాటుకో అమ్ముడుపోయిన సెట్లు పాత సామాను వర్తకుల చేతులు మారుతూ విడిభాగాలుగా బజారుకు వచ్చేవి. కోఠీ చుట్టుపక్కల రేడియో విడిభాగాల దుకాణాలు, గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్ లాంటి సంతలు కట్టుకునేవాడికి తిరుగుడు స్థలాలు. కోఠీలోని గుజరాతీ గల్లీ నేటికీ ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పేరున్న చోటే.

ఆ సరుకులో హాములకు ఎక్కువగా పనికొచ్చింది బ్రిటిష్ సైన్యం ట్యాంకుల్లో వాడిన వైర్‌లెస్ సెట్ నంబర్ 19. అది 2 నుంచి 8 మెగాహెర్ట్‌జ్ దాకా పనిచేస్తుంది కాబట్టి హాములకు కేటాయించిన 3.5, 7 మెగాహెర్ట్‌జ్ బ్యాండ్లు రెండూ దాని డయల్ మీదే ఉండేవి. దాని ఆఖరి అంచెలో ఉన్న వాల్వు 807. ఆ సెట్టుకు తోడుగా వచ్చే విడి ఆర్‌ఎఫ్ యాంప్లిఫయర్లో నాలుగు 807లు ఉండేవి. అలాంటిదొకటి దొరికిందంటే కొన్నేళ్లకు సరిపడా వాల్వులు దొరికినట్టే.

807 అనేది అమెరికాలో ఆర్‌సీఏ సంస్థ 1930లలో తెచ్చిన బీమ్ టెట్రోడ్. అడుగున అయిదు కాళ్లు, నెత్తిన ప్లేటు టోపీ. ఫిలమెంటుకు 6.3 వోల్టులు, 0.9 ఆంపియర్లు. ప్లేటు 25 వాట్ల వేడిని నిరంతరం తట్టుకుంటుంది, ఆగి ఆగి వాడితే 30 వాట్లు. ప్లేటు వోల్టేజీ మామూలుగా 600, హాముల వాడకానికి 750 దాకా. మైకుసెట్ల యాంప్లిఫయర్లలోనూ 6ఎల్6, ఈఎల్34లతో పాటు 807ను వాడేవారు. అందుకే సైనిక సరుకు ఎండిపోయినా పెళ్లిళ్లకూ సభలకూ మైకులు కట్టేవాళ్ల దుకాణాల్లో ఈ వాల్వు, దాని సాకెట్టు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు దొరుకుతూ వచ్చాయి.

దేశంలో వాల్వుల తయారీ కూడా ఆ కాలంలోనే మొదలైంది. 1954లో బెంగళూరులో ఏర్పడిన భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రిసీవింగ్ వాల్వులు, 1967లో ట్రాన్స్‌మిటింగ్ వాల్వులు చేయడం మొదలుపెట్టింది. హైదరాబాదులో 1960ల మొదట్లో రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనాలయం డీఎల్‌ఆర్‌ఎల్, 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చాయి.  ఆర్‌ఎఫ్ కొలతలు తెలిసిన ఇంజనీర్లు, సోల్డరింగ్‌లో చెయ్యి తిరిగిన టెక్నీషియన్లు నగరంలో పెద్ద సంఖ్యలో చేరడం అప్పటి నుంచే.

లైసెన్సు మెట్లు, వాల్వు మెట్లు

యాంప్లిఫయర్ ఎంత పెద్దదో నిర్ణయించేది లైసెన్సు. 1978 నాటి అమెచ్యూర్ సర్వీసు నియమాల ప్రకారం షార్ట్‌వేవ్ బ్యాండ్లలో గ్రేడ్-2 వారికి 50 వాట్లు, గ్రేడ్-1 వారికి 150 వాట్లు, అడ్వాన్స్‌డ్ గ్రేడు వారికి 400 వాట్లు పరిమితిగా ఉండేది. ఇది ఏరియల్‌కు వెళ్లే శక్తి లెక్క కాదు. ఆఖరి వాల్వు ప్లేటుకు అందే డీసీ ఇన్‌పుట్, అంటే ప్లేటు వోల్టేజీని ప్లేటు కరెంటుతో గుణిస్తే వచ్చేది. తనిఖీకి వచ్చిన అధికారి రెండు మీటర్లు చూసి తేల్చుకోగలిగిన లెక్క ఇది. ఆ రోజుల్లో ఇళ్లలో వాట్‌మీటర్లు అరుదు కాబట్టి కట్టుకునేవాడికీ ఇదే అనువైన లెక్క.

ఈ మూడు మెట్లకూ బజారులో దొరికే వాల్వులు చక్కగా అమిరాయి. ఒక 807కు 500 వోల్టుల మీద 100 మిల్లీఆంపియర్లు ఇస్తే సరిగ్గా 50 వాట్లు. రెండు 807లను జంటగా 750 వోల్టుల మీద 200 మిల్లీఆంపియర్లతో నడిపితే 150 వాట్లు. ఒక 813కు 2000 వోల్టుల మీద 200 మిల్లీఆంపియర్లు ఇస్తే 400 వాట్లు. పరీక్షలో మోర్స్ వేగం నిమిషానికి 5 మాటల నుంచి 12కు పెంచుకుని పై గ్రేడుకు వెళ్లిన హామ్, చాసిస్ మీద పక్కనే ఇంకో సాకెట్టు రంధ్రం కోసుకుని, సప్లయిని 750 వోల్టులకు పెంచుకుంటే చాలు.

813 మాత్రం వేరే తరగతి వాల్వు. జానెడు ఎత్తు గాజు బుడ్డి, లోపల గ్రాఫైట్ ప్లేటు, 10 వోల్టుల మీద 5 ఆంపియర్లు తాగే థోరియం-టంగ్‌స్టన్ ఫిలమెంటు. ఫిలమెంటు వేడికే 50 వాట్లు పోతాయి. అంటే గ్రేడ్-2 లైసెన్సుదారు ట్రాన్స్‌మిటర్‌కు అనుమతించిన మొత్తం ఇన్‌పుట్ అంత.

మోర్స్‌కు, మాటలు పంపే ఏఎంకు ఈ వాల్వుల్ని క్లాస్-సీలో నడిపేవారు. గ్రిడ్డుకు గట్టి నెగటివ్ బయాస్ ఇచ్చి, ప్రతి చుట్టులో చిన్న భాగంలోనే కరెంటు పారనిస్తే ఇన్‌పుట్‌లో 70 శాతం దాకా ఏరియల్‌కు చేరుతుంది. ఏఎంలో మాట ఎక్కించడానికి ఇంకో యాంప్లిఫయర్ కావాలి. నూరు శాతం మాడ్యులేషన్‌కు ఆడియో శక్తి డీసీ ఇన్‌పుట్‌లో సగం ఉండాలి కాబట్టి 50 వాట్ల ట్రాన్స్‌మిటర్‌కు 25 వాట్ల మైకుసెట్టు యాంప్లిఫయర్ సరిపోతుంది. రేడియో గదిలో ఎక్కువ బరువు, ఎక్కువ ఖర్చు ఈ మాడ్యులేటరుదే.

ప్లేటు నుంచి ఏరియల్ దాకా

డిజైన్‌లో అసలు లెక్క ప్లేటుకూ ఏరియల్‌కూ పొత్తు కుదర్చడం. క్లాస్-సీ వాల్వుకు కావాల్సిన లోడు, ప్లేటు వోల్టేజీని ప్లేటు కరెంటుకు రెట్టింపుతో భాగిస్తే దాదాపుగా వస్తుంది. 500 వోల్టులు, 0.1 ఆంపియరు అయితే 2500 ఓమ్‌లు. ఏరియల్ కేబులు 50 ఓమ్‌లు. ఈ యాభై రెట్ల తేడాను పై-నెట్‌వర్క్ సర్దుతుంది. ప్లేటు వైపు ఒక వేరియబుల్ కండెన్సర్, మధ్యలో కాయిల్, ఏరియల్ వైపు ఇంకో కండెన్సర్. క్యూ విలువ 12 అనుకుంటే 7 మెగాహెర్ట్‌జ్ దగ్గర ప్లేటు వైపు 109 పికోఫారడ్‌లు, కాయిల్ 5.2 మైక్రోహెన్రీలు, ఏరియల్ వైపు 626 పికోఫారడ్‌లు వస్తాయి.

ఈ అంకెలే ఏ భాగం ఎక్కడ వెతకాలో చెబుతాయి. ఏరియల్ వైపు వోల్టేజీ తక్కువ కాబట్టి పాత రేడియో రిసీవర్లోని గ్యాంగ్ కండెన్సర్ రెండు భాగాల్నీ కలిపి కడితే 626 పికోఫారడ్‌లు సులువుగా అందుతాయి. ప్లేటు వైపు అది పనికిరాదు. మాడ్యులేషన్ శిఖరాల్లో ప్లేటు వోల్టేజీ రెట్టింపవుతుంది, దాని మీద ఆర్‌ఎఫ్ వోల్టేజీ కలుస్తుంది. రేకుల మధ్య ఖాళీ చాలకపోతే నిప్పురవ్వలు ఎగురుతాయి. అందుకే సైనిక సెట్లలోని ఎడం రేకుల కండెన్సర్‌కు గిరాకీ. అది దొరకనివారు గ్యాంగ్ కండెన్సర్లో ఒక రేకు విడిచి ఒక రేకు పీకేసి ఎడం పెంచేవారు. కెపాసిటీ తగ్గినా ఇక్కడ కావాల్సింది నూరు పికోఫారడ్‌లే.

ట్యూనింగ్ పద్ధతి కూడా ఈ నిర్మాణం నుంచే వచ్చింది. ప్లేటు వైపు కండెన్సర్ తిప్పుతుంటే అనునాదం దగ్గర ప్లేటు కరెంటు మీటరు ముల్లు ఒక్కసారి కిందికి పడుతుంది. హాముల మాటల్లో అదే డిప్పు. తర్వాత ఏరియల్ వైపు కండెన్సర్ కొద్దిగా తెరిస్తే కరెంటు పెరుగుతుంది, మళ్లీ డిప్పు వెతకాలి. కరెంటు అనుకున్న అంకెకు చేరేదాకా ఈ రెంటి మధ్య చెయ్యి తిరుగుతూనే ఉంటుంది. గాలిలోకి వెళ్లే ముందు ఇదంతా ఇంటి బల్బునే డమ్మీ లోడుగా పెట్టి చేసేవారు. బల్బు వెలుగు శక్తిని సుమారుగా చూపిస్తుంది. కానీ ఫిలమెంటు వేడెక్కేకొద్దీ దాని నిరోధం మారిపోతుంది కాబట్టి అసలు ఏరియల్ తగిలించాక సర్దుబాటు మళ్లీ చేయాల్సిందే.

కరెంటు సప్లయి

యాంప్లిఫయర్ ఖర్చులో పెద్ద వాటా హైటెన్షన్ సప్లయిది. ట్రాన్స్‌ఫార్మర్‌ను మోటార్లు రివైండ్ చేసే దుకాణంలో కోరు కొలతలిచ్చి చుట్టించుకోవచ్చు. అయితే అక్కడ 230, 440 వోల్టుల పని అలవాటు. 750 వోల్టుల సెకండరీకి పొరపొరకీ మధ్య ఇన్సులేషన్ కాగితం, చుట్టడమయ్యాక వార్నిష్ స్నానం గుర్తుచేసి మరీ చేయించాలి. రెక్టిఫికేషన్‌కు మొదట 5యూ4 లాంటి వాల్వులు, పెద్ద సప్లయిల్లో 866ఏ పాదరసపు ఆవిరి రెక్టిఫయర్లు వాడారు. తర్వాత బీవై127, 1ఎన్4007 సిలికాన్ డయోడ్లు వచ్చాయి. ఒక్కో డయోడు 1250, 1000 వోల్టులే ఆపగలదు కాబట్టి 2000 వోల్టుల సప్లయికి వాటిని వరసగా కట్టి, ఒక్కోదాని పక్కన సమాన విలువల రెసిస్టర్లు పెట్టేవారు.

ఇక్కడే మన కరెంటు స్వభావం డిజైన్‌లోకి చొరబడింది. అమెరికా హ్యాండ్‌బుక్కుల్లోని సర్క్యూట్లు స్థిరమైన మెయిన్స్ ఉందనుకుని గీసినవి. వేసవి సాయంత్రం 230 ఉండాల్సిన చోట 180 వోల్టులే వస్తే 813 ఫిలమెంటుకు 10కి బదులు 7.8 వోల్టులే అందుతాయి. థోరియం-టంగ్‌స్టన్ ఫిలమెంటు అయిదు శాతం తేడాను మించి ఓర్చుకోదు. చల్లారిన ఫిలమెంటు నుంచి నిండు కరెంటు లాగితే ఎలక్ట్రాన్లనిచ్చే శక్తి దెబ్బతింటుంది. అందుకే ఇక్కడి యాంప్లిఫయర్లలో ఫిలమెంటు ట్రాన్స్‌ఫార్మర్ విడిగా ఉంచి, దాని ముందు స్టెబిలైజరో డిమ్మర్‌స్టాటో పెట్టడం తెలివైన పని.

కరెంటు పోయి రావడం ఇంకో ప్రమాదం. 866ఏకి హైటెన్షన్ ఇచ్చే ముందు కనీసం అర నిమిషం ఫిలమెంటు కాగాలి. మధ్యలో కరెంటు పోయి, స్విచ్చులన్నీ ఆన్‌లోనే ఉండగా తిరిగొస్తే చల్లటి రెక్టిఫయర్ మీద నిండు వోల్టేజీ పడుతుంది. అది లోపలే మెరుపు కొట్టి ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా కాల్చవచ్చు. కరెంటు పోగానే తెరుచుకుని, చేత్తో నొక్కితేనే మళ్లీ మూసుకునే రిలే దీనికి మందు.

ఏఎం పోయి ఎస్ఎస్‌బీ వచ్చాక

1960ల మధ్య నుంచి దేశంలో హాములు ఏఎం వదిలి సింగిల్ సైడ్‌బ్యాండ్‌కు మళ్లారు. ఏఎంలో శక్తిలో ఎక్కువ భాగం మాట మోయని క్యారియర్‌కే పోతుంది. ఎస్ఎస్‌బీలో శక్తంతా మాటదే. మాడ్యులేటరు, దాని భారీ ట్రాన్స్‌ఫార్మరు మూలన పడ్డాయి. దాంతో ఆఖరి అంచె నడవడిక కూడా మారాల్సి వచ్చింది. క్లాస్-సీ వాల్వు చిన్న సిగ్నల్‌ను మింగేస్తుంది, పెద్దదాన్ని నరికేస్తుంది. ఎస్ఎస్‌బీ మాట అందులోంచి వెళితే చీలి, పక్క స్టేషన్ల మీదికి పాకుతుంది. కాబట్టి వాల్వును క్లాస్-ఏబీలో, సిగ్నల్ లేనప్పుడూ కొంత కరెంటు పారేలా, లీనియర్‌గా నడపాలి. సామర్థ్యం 60 శాతం చుట్టుపక్కలకు తగ్గుతుంది. 400 వాట్ల ఇన్‌పుట్‌కు 240 వాట్లు.

లీనియర్‌లో ఎక్కువ పట్టింపు స్క్రీన్ గ్రిడ్డుది. దాని వోల్టేజీ ఊగితే మాట వంకర్లు పోతుంది. 807కు కావాల్సిన 300 వోల్టుల స్క్రీన్ సప్లయిని రెండు వీఆర్-150 గ్యాస్ వాల్వుల్ని వరసగా పెట్టి నిలబెట్టేవారు. పనిచేస్తున్నంతసేపూ అవి ఊదారంగులో వెలుగుతుంటాయి. మైకులో గట్టిగా మాట్లాడిన ప్రతిసారీ ఆ వెలుగు ఆరిపోతుంటే స్క్రీన్ మోతాదుకు మించి లాగుతోందని అర్థం. లోడింగ్ చాలనప్పుడు ఇలా జరుగుతుంది. స్క్రీన్ గొడవే వద్దనుకున్నవారు 811ఏ లాంటి ట్రయోడ్‌లను గ్రిడ్డు ఎర్త్ చేసి, ఫిలమెంటు వైపు నుంచి డ్రైవ్ ఇచ్చి నడిపారు. దీనికి బయాస్ సప్లయి దాదాపు అక్కర్లేదు, ప్లేటు నుంచి తిరిగి పారే సిగ్నల్‌ను అణచే న్యూట్రలైజేషన్ బెడదా తక్కువ. బదులుగా డ్రైవ్ ఎక్కువ కావాలి.

లోపాలు వెతికే పద్ధతి

సొంతంగా కట్టిన యాంప్లిఫయర్ మొదటి రోజే సవ్యంగా నడవడం అరుదు. వెతకడానికి ఒక వరస ఉంది: ముందు డీసీ వోల్టేజీలు, తర్వాత కరెంట్లు, ఆ తర్వాతే ఆర్‌ఎఫ్. ఫిలమెంటు వోల్టేజీని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కాక సాకెట్టు కాళ్ల దగ్గరే కొలవాలి. తుప్పు పట్టిన సాకెట్టులో అర వోల్టు పోయినా 807 డీలాపడుతుంది.

కంటికి కనిపించే మొదటి గుర్తు ప్లేటు ఎర్రబడటం. ట్యూనింగ్ తప్పితే అలా అవుతుంది, డిప్పు దగ్గరికి తెస్తే తగ్గుతుంది. తగ్గకపోతే గ్రిడ్డు బయాస్‌ను అనుమానించాలి. గ్రిడ్-లీక్ రెసిస్టర్ మీదే బయాస్ ఆధారపడిన సర్క్యూట్‌లో వెనక అంచె నుంచి డ్రైవ్ ఆగితే బయాస్ కూడా మాయమై ప్లేటు కరెంటు అదుపు తప్పుతుంది. బయాస్ విడిగా ఉన్నా ఎర్రబడుతోందంటే వాల్వు తీసేసి సాకెట్టు దగ్గర గ్రిడ్డు వోల్టేజీ చూడాలి. నెగటివ్ ఉండాల్సిన చోట పాజిటివ్ కనిపిస్తే కప్లింగ్ కండెన్సర్ లీకవుతోంది. పాత సెట్ల నుంచి పీకిన మైనం పూత కాగితపు కండెన్సర్లకు ఇది అలవాటైన జబ్బు. వాల్వు లేనప్పుడు వోల్టేజీ సరిగ్గా ఉండి, పెట్టి కాగనిచ్చాక పాజిటివ్ వైపు జరుగుతుంటే తప్పు వాల్వులోనే ఉంది. లోపల గ్యాసైనా చేరి ఉండాలి, గ్రిడ్డే ఎలక్ట్రాన్లు వదులుతూనైనా ఉండాలి.

గాజులో నీలి వెలుగు కొత్తవాళ్లను కంగారు పెడుతుంది. గాజు లోపలి అంచున పరుచుకుని, మాటతో పాటు కదిలే నీలం హాని లేనిది. దారి తప్పిన ఎలక్ట్రాన్లు గాజుకు తగలడం వల్ల వచ్చేది. ప్లేటుకూ గ్రిడ్డుకూ మధ్య ఖాళీలో పొగమంచులా కనిపించే నీలం మాత్రం గ్యాసు గుర్తు. గాజు మీది వెండిరంగు మచ్చ పాలలా తెల్లబడిందంటే గాలి దూరినట్టే, ఆ వాల్వు పని అయిపోయింది. మిగులు సరుకు వాల్వులు కొనేవాడు దుకాణంలో మొదట చూడాల్సింది ఈ మచ్చనే.

807కు ఉన్న పెద్ద దుర్గుణం పారాసైటిక్ ఆసిలేషన్. గెయిన్ ఎక్కువ, నెత్తి టోపీకి వెళ్లే తీగ పొడవు. ఈ రెండూ కలిసి అసలు ఫ్రీక్వెన్సీతో సంబంధం లేని వీహెచ్ఎఫ్ ఊగిసలాటను పుట్టిస్తాయి. డ్రైవ్ లేకుండానే గ్రిడ్డు కరెంటు చూపించడం, డిప్పు సాఫీగా కాక గెంతుతూ పడటం, చెక్కపుల్లకు కట్టిన నియాన్ బల్బు ప్లేటు దగ్గరికి తెస్తే వెలగడం దాని లక్షణాలు. మందు చవకైనదే. 47 నుంచి 100 ఓమ్‌ల కార్బన్ రెసిస్టర్ మీద అయిదారు చుట్లు తీగ చుట్టి టోపీకి ఆనుకుని పెట్టాలి, గ్రిడ్డు కాలి దగ్గర ఇంకో చిన్న రెసిస్టర్ పెట్టాలి. డిప్పు ఒక చోట, అవుట్‌పుట్ గరిష్ఠం ఇంకో చోట వస్తుంటే అది వేరే జబ్బు. ప్లేటు నుంచి గ్రిడ్డుకు సిగ్నల్ తిరిగి పారుతోంది, న్యూట్రలైజ్ చేయాలి, ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య రేకు అడ్డం పెట్టాలి.

వీటన్నిటికీ ముందు ప్రాణభయం. 450 వోల్టుల 100 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్‌లు ఆరు వరసగా కట్టి 2000 వోల్టులు నింపితే 33 జూళ్ల శక్తి నిలవ ఉంటుంది. స్విచ్చు ఆపినా అది పోదు. బ్లీడర్ రెసిస్టర్ కాలిపోయి తెగి ఉంటే గంటల తర్వాత కూడా చంపగలదు. అందుకే మూత తీసిన ప్రతిసారీ పొడవాటి కర్రకు కట్టిన ఎర్త్ తీగతో హైటెన్షన్ లైనును తాకించి అలాగే వదిలేయడం, కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే ఒక చెయ్యి జేబులో పెట్టుకోవడం పాత హాములు కొత్తవారికి ముందు నేర్పే పాఠాలు.

టీవీ వచ్చాక

1977లో హైదరాబాదు దూరదర్శన్ మొదలయ్యాక యాంప్లిఫయర్‌కు కొత్త పరీక్ష వచ్చింది. క్లాస్-సీ అంచె హార్మోనిక్‌ల పుట్ట. 21 మెగాహెర్ట్‌జ్‌కు మూడో హార్మోనిక్ 63, 14 మెగాహెర్ట్‌జ్‌కు నాలుగోది 56. ఈ రెండూ అప్పటి టీవీ వాడిన 47–68 మెగాహెర్ట్‌జ్ బ్యాండులోనే పడతాయి. వీధికి ఒకటో రెండో టీవీలున్న రోజుల్లో, ఆదివారం సినిమా మధ్యలో తెర మీద అడ్డగీతలు పడితే డాబా మీద ఏరియల్ ఉన్న ఇంటివైపే అందరి వేళ్లూ చూపేవి. బల్ల మీద బట్టబయలుగా కట్టే చాసిస్‌లు పోయి, అన్ని వైపులా మూసిన రేకు పెట్టెలు, సప్లయి తీగలకు ఫిల్టర్లు, ఏరియల్ ముందు లో-పాస్ ఫిల్టర్ తప్పనిసరి అయ్యాయి. టీవీలు మరోవైపు మేలూ చేశాయి. వాటి లైన్ అవుట్‌పుట్ అంచెల్లో వాడే పీఎల్ వరస వాల్వులు కొద్దిసేపు పెద్ద కరెంటు ఇవ్వగలవు. 0.3 ఆంపియరు ఫిలమెంట్లను వరసగా కట్టి చవకైన లీనియర్ చేయడానికి అవి పనికొచ్చాయి.

ట్రాన్సిస్టర్ల రాక

1983లో ఎస్. సూరి హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోను స్థాపించారు. వీయూ2ఆర్‌జీ కాల్‌సైన్ ఉన్న రాజీవ్ గాంధీ హయాం కూడా కావడంతో ఆ దశాబ్దంలో దేశంలో హామ్ రేడియోకు ఆదరణ పెరిగింది, దిగుమతి ట్రాన్స్‌సీవర్లు రావడం మొదలైంది. యాయెసు ఎఫ్‌టీ-101, కెన్‌వుడ్ టీఎస్-520 లాంటి జపాన్ సెట్లలో ముందు అంచెలన్నీ ట్రాన్సిస్టర్లు, డ్రైవరూ ఆఖరి అంచే వాల్వులు. ఆ తర్వాతి తరంలో ఆ ఆఖరి అంచె కూడా ట్రాన్సిస్టర్ల పాలైంది. 12 వోల్టుల మీద 100 వాట్లు, ట్యూనింగ్ లేదు, కాగేదాకా ఆగక్కర్లేదు.

విపత్తు సేవ ఈ మార్పును ఖాయం చేసింది. 2004 డిసెంబరులో సూరి స్థాపించిన సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లో వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో ప్రసారం చేస్తుండగా 26న సునామీ వచ్చింది. సరదా ప్రసారం ఆపేసి ఆ స్టేషన్ సహాయ సమాచారానికి మళ్లింది. కరెంటు పోయిన చోట కారు బ్యాటరీతో నడిచే సెట్టే సెట్టు. రెండు వేల వోల్టులు కావాల్సిన యాంప్లిఫయర్‌కు అక్కడ చోటు లేదు.

హైటెక్ సిటీలో

1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. బండరాళ్ల గుట్టలున్న మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి రెండు దశాబ్దాల్లో అద్దాల భవనాలూ అపార్ట్‌మెంట్లూ అయ్యాయి. అక్కడ కాపురముండే హామ్‌కు విడిభాగాల కొరత లేదు. కొరతంతా జాగాకు, నిశ్శబ్దానికి. 7 మెగాహెర్ట్‌జ్ డైపోల్‌కు 20 మీటర్ల తీగ కావాలి. డాబా ఉమ్మడి ఆస్తి కాబట్టి అసోసియేషన్ ఒప్పుకోవాలి. లాప్‌టాప్ చార్జర్లు, ఎల్‌ఈడీ దీపాలు, ఇన్వర్టర్లు, లిఫ్టు డ్రైవ్‌లు అన్నింటిలోనూ స్విచింగ్ సప్లయిలే. వాటి హార్మోనిక్‌లు షార్ట్‌వేవ్ నిండా పరుచుకుంటాయి.

ఈ గోలకు యాంప్లిఫయర్ జవాబు కాలేదు. 100 వాట్లను 400 చేస్తే అవతలివారి దగ్గర సిగ్నల్ 6 డెసిబెల్స్, అంటే రిసీవరు మీటరు మీద ఒక్క ఎస్-యూనిట్ పెరుగుతుంది. వారి మాట ఇక్కడి రొదలో మునిగిపోతుంటే ఆ పెంపు పనికిరాదు. పైగా పవరు పెరిగేకొద్దీ పక్క ఫ్లాటు స్పీకర్లలోకీ ఇంటర్‌కామ్‌లోకీ మాట దూరుతుంది. అందుకే పడమటి హైదరాబాదులో చొరవంతా తక్కువ పవరు వైపు, సాఫ్ట్‌వేర్ వైపు మళ్లింది. హైదరాబాదుకే చెందిన అష్‌హర్ ఫర్హాన్ రూపొందించిన బిటెక్స్-20 అనే చిన్న ఎస్ఎస్‌బీ ట్రాన్స్‌సీవర్ ఈ దారిలో ప్రపంచమంతటా పేరు తెచ్చుకుంది. మామూలు బజారు సరుకుతో అయ్యేలా దాన్ని గీశారు. కాయిల్ చుట్టడానికి నల్లా వాషరు, ఫిల్టరుకు కంప్యూటర్ క్రిస్టల్స్, ఆఖరి అంచెకు ఐఆర్‌ఎఫ్510 మోస్‌ఫెట్. అవుట్‌పుట్ పది వాట్లలోపే. దొరికేదాన్ని బట్టి డిజైన్ చేయాలన్న 807 నాటి సూత్రమే ఇక్కడ చవక సెమీకండక్టర్లకు వర్తించింది.

వాల్వు యాంప్లిఫయర్ పూర్తిగా పోలేదు. ఏరియల్ తప్పుగా తగిలినా, పిడుగు దగ్గర్లో పడినా మోస్‌ఫెట్ క్షణంలో పోతుంది. వాల్వు ప్లేటు కాసేపు ఎర్రబడి హెచ్చరిస్తుంది, స్విచ్చు ఆపేందుకు సమయమిస్తుంది. ఊరి శివార్లలో సొంత స్థలం, ఎత్తయిన ఏరియల్ ఉండి, దూరదేశాల స్టేషన్ల కోసం పోటీపడేవారికి అది ఇంకా పనికొస్తుంది. అలాంటివారు నేడు వాడేవి సోవియట్ కాలపు నిల్వల నుంచి వచ్చే జీయూ-50, జీఐ-7బీ, చైనా తయారీ 811ఏ, 572బీ. చిన్న ట్రాన్స్‌సీవర్ ఇచ్చే అయిదారు వాట్లు గ్రిడ్డు వైపు నుంచి నడిపే రెండు 807లకు కావాల్సినదానికన్నా ఎక్కువే కాబట్టి సాఫ్ట్‌వేర్ రేడియో వెనక వాల్వు పెట్టడానికీ అడ్డేమీ లేదు. ఇప్పుడు కష్టంగా దొరికేవి వాల్వుల చుట్టూ ఉండే భాగాలే. ఎడం రేకుల కండెన్సర్లు, సెరామిక్ సాకెట్లు, హైటెన్షన్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టగలిగిన పనివాళ్లు తగ్గిపోయారు. నగరంలో కొత్తగా కట్టదలచిన యాంప్లిఫయర్ ఎంత పెద్దదో ఇప్పుడు తేల్చేది లైసెన్సు కన్నా ముందు ఈ మూడింటి లభ్యతే.